బూరుగువాగుకు ఒక్కపూట నీళ్లు

పంపు షాఫ్టు చుట్టూ ఉండే గ్లాండు బిగింపు నుంచి చిమ్ముతున్న నీటికి ముత్యం ఒక అరచేతిని అడ్డుపెట్టి, రెండవ చేత్తో నట్టును కొద్దికొద్దిగా బిగించాడు. ధార సన్నబడి చుక్కలుగా మారింది. అక్కడితో ఆపాడు. చుక్క కూడా రాకుండా బిగిస్తే షాఫ్టు వేడెక్కుతుంది. గనిలో చేరిన నాటి నుంచి అతడు చేసిన పని ఇదొక్కటే: సంపులో చేరిన నీటిని పైకి తోడడం. అతడు బొగ్గు తవ్వినవాడు కాదు, బండ పేల్చినవాడూ కాదు. సన్మాన సభలలో గాని, సమ్మెలలో గాని, ప్రమాదాల వార్తలలో గాని అతని పేరు ఎన్నడూ వినిపించలేదు. సన్నని మనిషి. నిత్యం నీటిలో నానిన వేళ్ల కొనలు ముడుతలు పడి, సెలవు దినాలలో సైతం సాగేవి కావు. పంపు మోతకు ఎడమ చెవి మందగించినందువల్ల, ఎవరు మాట్లాడినా కుడి భుజం ముందుకు జరిపి, తల వంచి వినేవాడు. తెలియనివారికి అది వినయంగా తోచేది.

ఆనాడు మాత్రం అతడు మాటిమాటికీ డెలివరీ పైపు మీద చెయ్యి వేసి చూసుకుంటున్నాడు. ఇనుము సన్నగా వణుకుతోంది. నీరు పైకి పోతోంది. కాని నిత్యం పోయే చోటికి కాదు.

గనికి దిగువన వాలులో, పొలాల నడుమ, బూరుగువాగు ఉన్నది. ముత్యం ఆ వాగు ఒడ్డు ఊరిలోనే పుట్టాడు. గని లోతుకు దిగిన కొద్దీ వాగు సన్నగిల్లింది. మొదట ఎండాకాలంలో, తరువాత చలికాలంలోనే, చివరకు వాన వెలిసిన మరునాడే ఎండిపోసాగింది. వాగు నీరు బండల సందుల గుండా గనిలోకి దిగుతున్నదని ఊరివారి నమ్మకం. ముత్యం నమ్మకమూ అదే. అంటే తన ఊరి వాగునే అతడు ఇన్నేళ్లుగా చీకటిలో నుంచి పైకి తోడుతున్నాడు. పైకి చేరిన నీరు బొగ్గు తీసిన ఖాళీలలో ఇసుక నింపే పనికీ, కాలనీ కుళాయిలకూ పోయేది. వాగుకు చుక్క మిగిలేది కాదు.

అతని అన్న గట్టయ్య ఊరిలోనే ఉండి సేద్యం చేశాడు. ఎండిన వాగులను బాగుచేసుకొనే ఊళ్లకు నిధులిచ్చే సంస్థ ఒకటి హైదరాబాదులో ఉన్నదని విన్న నాటి నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. ఊరివారిని కూడగట్టి సంఘం పెట్టాడు. అతని కోడలు అనసూర్య చదువుకున్నది. దరఖాస్తు ఆమె రాసింది. వాలుల మీద కందకాలు, వాగుకు అడ్డంగా చిన్న కట్టలు, ఒడ్డున చెట్లు. సంస్థవారు పటం అడిగితే, బడి ముందర ముగ్గుపిండితో ఊరంతా కలిసి పటం వేశారు. పొలాలకు పసుపు, గనికి బొగ్గుపొడి, వాగుకు బూడిద. ఏడాది పైగా తిరిగిన తరువాత, స్వయంగా చూడడానికి వస్తున్నామని కబురు వచ్చింది. ఆ రాక నేడే. చూసి మెచ్చితే మంజూరు.

తెల్లవారుజామున, దిగే ముందు, ముత్యం గని ముఖద్వారం దగ్గర వాల్వు తిప్పాడు. అక్కడ పైపు రెండుగా చీలుతుంది. ఒకటి ట్యాంకుకు, రెండవది ఎన్నడో వాడుక మానిన పాత కాలువకు. ఆ కాలువ బూరుగువాగులో కలుస్తుంది. వాల్వు తుప్పు పట్టి మొరాయిస్తే, మోకాలు ఆనించి, పళ్లు బిగబట్టి తిప్పాడు. అది కంపెనీ ఉత్తరువుకు విరుద్ధమని అతనికి తెలుసు. జీవితంలో అతడు ఉల్లంఘించిన ఉత్తరువు అదొక్కటే.

ఫిట్టరు అన్వర్ దీపం ఊపుకుంటూ సంపు దగ్గరికి దిగి వచ్చాడు.

"ముత్యమన్నా! పైన ట్యాంకు ఖాళీ అయితున్నది. సూపర్వైజరు సాబ్ గరం గరం ఉన్నడు. పైపు లీకున్నది, చూస్తున్నమని చెప్పిన."

"నీకు పుణ్యముంటది అన్వర్."

"పుణ్యం నీ దగ్గర్నే పెట్టుకో. రిటైరై దిగిపోయే ముంగట చార్జిషీటు తెచ్చుకుంటవా? సుట్టాలొస్తున్నరని ఇల్లలికినట్టు వాగునే అలుకుతున్నవు!"

ముత్యం నవ్వాడు. "ఒక్కపూటనే గదనే. అంగడికి తోలుకపోయేటప్పుడు బర్రెను కడుగమా? కడుపునిండ కుడితి పెట్టమా? ఎండిన డొక్కలు సూపెడితే ఎవడు కొంటడు? ఉత్త ఇసుక సూపెడితే, గీ వాగు సచ్చింది, దీనికెందుకు పెట్టాలె అంటరు సార్లు."

"మీ అన్నకెరుకేనా?"

"ఎరుకైతే వద్దంటడు. సూసినంక సంబురపడుతడు."

"ఆయన సంబురం సరే, నా నౌకరి ఖరాబ్ గాకుంట జూడు," అని గొణుగుతూ అన్వర్ వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ తన డబ్బాలోని రొట్టె సగం తుంచి పంపు గట్టు మీద పెట్టి పోయాడు.

ఆ తరువాతి గంటలన్నీ ముత్యం పైపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. నీరు పాత కాలువలో చెత్తను నెట్టుకుంటూ పోతుంది. ఇసుక మొదట తాగుతుంది. తాగి తాగి విసిగి, పైన పారనిస్తుంది. పిల్లలు అరుస్తారు. కారు దిగిన దొరలు చెప్పులు విప్పి దిగుతారు. అన్న తలపాగా సరిచేసుకుంటాడు. ఆ నీటి వెంట ఊహలో అతడు ఊరి దాకా నడిచాడు.

షిఫ్టు ముగియగానే పైకి వచ్చి, వాల్వును యథాస్థానానికి తిప్పాడు. దీపం అప్పగించి, స్నానం చేసి, చౌరస్తాలో జిలేబి కట్టించుకొని షేర్ ఆటో ఎక్కాడు. పక్కన కూర్చున్న ముసలమ్మకు, అడగకుండానే, తమ వాగు బాగుపడబోతున్నదని చెప్పాడు.

ఊరి మలుపులో అనసూర్య నిలబడి ఉన్నది. అతని కోసమే నిలబడిందని చూడగానే తెలిసింది.

"చిన్నమామా, నువ్వేనా నీళ్లిడిసింది?"

"పారినయా బిడ్డా?"

"పారినయి." ఆమె కొంగు కొనను వేలికి చుట్టి విప్పింది. "సారు నీళ్లల్ల దిగిండు. మేడం మొకం కడుక్కున్నది. ఎండల్ల గూడ గింత పారుతదా అని అడిగిన్రు. మీరు అదృష్టవంతులన్నరు. గీ పైసలు ఎండిపోయిన వాగులకేనట. ఇంకో ఊరోళ్లు అడుగుతున్నరట, వాళ్లకిస్తమని చెప్పి పోయిన్రు."

ముత్యం కుడి భుజం ముందుకు జరిపాడు, సరిగా వినలేదేమో అన్నట్లు.

"చెప్పకపోతిరి... గవి వాగు నీళ్లు గావని!"

"నేను నోరు తెరిసిన. మామ నా చెయ్యి గట్టిగ వట్టుకున్నడు. గంతకు ముందే దోసిట్ల నీళ్లు తీసుకొని వాసన జూసిండు. ఇనుపవాసన. గప్పుడే సమజైంది ఆయనకు. 'ఔ సారూ, మా వాగు ఎన్నడెండది' అన్నడు." ఆమె వాగువైపు చూసింది. "సార్లు పోయినంక అడిగిన, ఎందుకట్లన్నవు మామా అని. 'ఎండిందంటే, గీ నీళ్లెవలిడిసిన్రని అడుగుతరు. మా తమ్ముని నౌకరి మీదికొస్తది' అన్నడు. పొద్దుగాల్నుంచి ఛాతిల మంటంటున్నడు. దవాఖానకు పోదామంటే సార్లొచ్చి పోనీ అన్నడు. ఇప్పుడేమో వాగుల కూసున్నడు, లెవ్వడు."

జిలేబి పొట్లం ఆమె చేతిలో పెట్టి ముత్యం వాగువైపు నడిచాడు.

ఎన్నో ఏళ్ల కిందట గనికోసం పై పొలాలు తీసుకొన్నప్పుడు ఇంటికొక ఉద్యోగమన్నారు. అధికారి పేరడిగితే, గట్టయ్య తమ్ముని వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. "వీని పేరు రాయున్రి సారూ. నాకు చీకట్ల ఊపిరాడదు." ఊపిరి సంగతి అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అన్న మళ్లీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు.

అతిథుల కోసం కిరాయికి తెచ్చిన కుర్చీలలో ఒకదానిని వాగు నడుమ వేసుకొని, పంచె మోకాళ్ల దాకా ఎత్తి, పాదాలు నీటిలో పెట్టి కూర్చున్నాడు గట్టయ్య. పాదాల మీదుగా నీరు గోరువెచ్చగా పారుతోంది. ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"రారా గనోడా," అన్నాడు. "మంచిగనే పంపినవు నీళ్లు. సుట్టాలు కాళ్లు కడుక్కొని పోయిన్రు."

"అన్నా, నాకు తెల్వదే..."

"తెలిస్తే పంపుదువా? అంగడి బర్రె లెక్క మేపినవు గదరా దీన్ని." నవ్వబోయి ఛాతీ పట్టుకున్నాడు. "నీ జాగల ఉంటే నేను గూడ గట్లనే చేద్దును, తియ్యి."

"రేపు నేనే హైదరాబాదు పోత. ఉన్నదున్నట్టు చెప్త. నౌకరి పోతే పోనీ."

"నౌకరి పోయే ముచ్చట ఎందుకురా? వానలు పడనీ. మల్ల రాద్దాం దరఖాస్తు. అనసూర్య రాస్తది." నీటిని చూస్తూ అడిగాడు. "వాల్వు మూసినవా?"

"మూసిన."

"ఇంకెంతసేపు పారుతది?"

"కాలువల ఉన్నది వచ్చేదాంక."

"గదాంక కూసుంట."

"దవాఖానకు పోదాం లే అన్నా. ఆటో పిలుస్త."

"పిలువు. వచ్చేదాంక కూసుంట అంటున్న." ముత్యం గట్టువైపు తిరిగాడు. వెనుక నుంచి మళ్లీ గొంతు వినబడింది. "చిన్నప్పుడు నువ్వు గీడనే మునుగబోయినవురా. జుట్టు వట్టి గుంజిన."

"యాదికున్నది అన్నా."

అతడు గట్టు ఎక్కి, బాట మీద పరుగువంటి నడక నడిచి, ఆటో మాట్లాడి తీసుకొని వచ్చాడు. ఆటో దిగే వాలు లేక, డ్రైవరును గట్టు మీదనే ఉండమని తాను దిగాడు. నీరు తగ్గిపోయింది. ఇసుక మధ్యలో సన్నని ధారగా మిగిలి, అదీ అన్న పాదాలను విడిచి పక్కకు జరిగింది. గట్టయ్య తల ఒక పక్కకు వాలి ఉన్నది. తలపాగా ఒడిలో పడి ఉన్నది. ముత్యం పిలిచాడు. వినబడలేదేమో అని తన మంచి చెవిని అన్న నోటి దగ్గర పెట్టి, చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

పిదప అన్న పాదాలను రెండు చేతులా పట్టుకొని, అంటిన ఇసుకను తుడిచాడు. అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం అన్నదో, గని నీటిదో అతనికి తెలియలేదు.

ఊరివారు మంచం తెచ్చారు. అనసూర్య ఏడుపు గట్టు మీద నుంచి ఇళ్ల దాకా సాగి, అక్కడ మరిన్ని ఏడుపులతో కలిసిపోయింది. మంచం ముందు కోడును ముత్యమే మోశాడు.

వాగులో ఎవరూ లేరు. టెంటు హౌసు పేరు వీపున రాసి ఉన్న తెల్లని ప్లాస్టిక్ కుర్చీ, నాలుగు కాళ్లూ తడి ఇసుకలో దిగబడి, కొంచెం ముందుకు ఒరిగి నిలబడి ఉన్నది. దాని ఎదుట, రెండు పాదాలు ఒత్తిన గుంటలలో కాసింత నీరు ఇంకా ఇంకలేదు.