ఆరని గెలాక్సీలు

పూర్ణిమకు మొగుడి మీద పెద్ద ఫిర్యాదులేం లేవు. తాగడు, అరవడు. కాకపోతే దయాకర్ పదమూడు వందల కోట్ల ఏళ్ల కిందటి సంగతులు దగ్గరుండి చూసినట్టు చెబుతాడు గానీ, నిన్న తానన్న మాట గుర్తు చేస్తే మాత్రం "నేననలే" అంటాడు. పదకొండేళ్ల కాపురంలో తప్పెప్పుడూ కుక్కర్‌ది, ఆటోవాడిది, లేదంటే వానది. రెండేళ్లుగా అమలది.

అమల యూనివర్సిటీలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. అడిక్‌మెట్‌లో చిన్న గదిలో ఉంటుంది. థీసిస్ ఇవ్వడానికి ఇంకా పంతొమ్మిది రోజులే గడువుంది. గడువు దాటితే ఆరేళ్ల చదువూ గల్లంతే. దయాకర్ సంతకం పెట్టనంటున్నాడు.

వాళ్ల పని కంప్యూటర్‌లో విశ్వాన్ని పుట్టుక నుంచి పెంచడం. వాయువు చల్లబడి నక్షత్రాలు పుడతాయి. గెలాక్సీ నడిమధ్యన ఉన్న కృష్ణబిలం ఆ వాయువును వేడెక్కించి తరిమేస్తే నక్షత్రాల పుట్టుక ఆగి, గెలాక్సీ ఆరిపోతుంది. విశ్వం పసితనంలోనే అలా ఆరిపోయిన గెలాక్సీలు టెలిస్కోపుకు కనిపిస్తున్నాయి. వీళ్ల కంప్యూటర్‌లో మాత్రం ఒక్కటీ ఆరదు. ప్రోగ్రాంలో కృష్ణబిలం సంగతి అమల సరిగ్గా రాయలేదని దయాకర్ తీర్పు. ఆమె ఇప్పటికి పద్నాలుగుసార్లు మొదటికొచ్చింది.

ఆ శనివారం ఆయన టిఫిన్ బాక్స్ మరిచిపోతే, పూర్ణిమ తార్నాకలో ఆటో ఎక్కి క్యాంపస్‌కు తీసుకెళ్లింది. గదిలో అమల కళ్లు ఎర్రగా ఉన్నాయి. దయాకర్ కిటికీలోంచి బయటికి చూస్తూ ప్రోగ్రాం మొదట్నుంచి మళ్లీ రన్ చెయ్యమంటున్నాడు. ఒక్కో రన్‌కు మూడు వారాలు. పంతొమ్మిది రోజుల్లో మూడు వారాలు ఎలా పడతాయో ఆ పిల్ల అడగలేదు.

పూర్ణిమ ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ, తనకేమీ తెలియనట్టు మొహం పెట్టి, గెలాక్సీ ఆరిందో లేదో ఎలా తెలుస్తుందని అమలనడిగింది. గడిచిన పది కోట్ల ఏళ్లలో ఎన్ని నక్షత్రాలు పుట్టాయో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టు ఒకటుందని అమల చెప్పింది. ఆ గెలాక్సీలు ఆరేనాటికి విశ్వం వయసే వంద కోట్ల ఏళ్లు నిండలేదట.

"ఇంటికి తాళమేసి వారమైనా కరెంటు బిల్లు నెలంతది వస్తది గదా," అంది పూర్ణిమ. "గా బిల్లు చూసి ఇంట్ల మనుషులున్నరంటే ఎట్ల?"

అమల చేతిలో ముద్ద ఆగిపోయింది. టెలిస్కోపువాళ్లు చివరి కోటేళ్లే చూస్తారని, ఆ తేడా గురించి ఆరు నెలల కిందటే సార్‌కు మెయిల్ పెట్టానని మెల్లగా చెప్పింది.

"మరి మార్చొచ్చు గదా, నీ స్క్రిప్టే గదా," అన్నాడు దయాకర్.

"నాది కాదు సార్."

ఆ ల్యాబ్‌లో స్క్రిప్టులు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు చేతులు మారతాయి. పెద్దలు రాసినదాంట్లో చిన్నవాళ్లు వేలు పెట్టరు. రాసిందెవరో చూద్దాం తెరవమంది పూర్ణిమ. ఫైలు మొదటి వరుసలోనే దయాకర్ పేరు, 2011 అన్న సంవత్సరం ఉన్నాయి. తన పీహెచ్‌డీ కోసం, ఇప్పటి ముసలి గెలాక్సీల కోసం రాసుకున్నది. వాటికి పది కోట్ల ఏళ్లు లెక్కలోకే రావు.

కొత్త రన్ అక్కర్లేదు, లెక్క మారిస్తే చాలు. అమల మార్చి దాచుకున్న కాపీని నడిపింది. నాలుగు నిమిషాలు పట్టింది. అరవై మూడు పెద్ద గెలాక్సీల్లో తొమ్మిది ఆరిపోయి కనిపించాయి.

అప్పట్లో తన గైడ్ అలాగే రాయమన్నాడని దయాకర్ మొదలుపెట్టాడు. పూర్ణిమ కూర గిన్నె మూత తీసిన చేత్తో అలాగే పట్టుకుని ఆయన వంక చూస్తూ నిలబడింది. ఆయన మాట మధ్యలో ఆగింది. కుర్చీ జరుపుకుని అమలకు ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పు నాదే, అమలా," అన్నాడు. "గా మెయిల్ నేను సదివిన. సదివే ఊకున్న."