ఇరవయ్యా, అరవయ్యా

సైన్యంలో ఒక ఫిరంగి దగ్గర జబ్బలన్న ఏడేళ్లుగా గుండ్లు ఎత్తుతున్నాడు. గుండు బరువు సిమెంటు బస్తాకి కాస్త తక్కువ. దాన్ని చేతుల్లో పొదివి పట్టుకుని గొట్టంలోకి నెట్టడంలో అతన్ని మించినవాడు లేడు. అతని అసలు పేరు దళంలో ఎవరికీ గుర్తులేదు. గురి చూసే ఆయన రిటైరవగానే ఆ కుర్చీ తనదేనని లెక్కేసుకున్నాడు, భార్యకు కూడా చెప్పేసుకున్నాడు. తీరా చూస్తే వేరే దళం నుంచి ఒకణ్ణి తెచ్చి అందులో కూర్చోబెట్టారు. సన్నగా, కళ్ళజోడుతో, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు.

పైగా ఆ కొత్తవాడు దిగింది పక్క క్వార్టర్లోనే.

"ఆయనెంత నెమ్మదస్తులోనండీ! నేను నీళ్ళ డబ్బా మోస్తుంటే అడక్కుండానే తెచ్చి గుమ్మంలో పెట్టారు," అంది భార్య, అన్నం వడ్డిస్తూ.

"ఒక్క డబ్బా మోస్తేనే ఇంత పొగడ్తా? మరి నేను రోజూ మోసేదేంటి, దూదా?"

"ఒళ్ళు మండుతోందని సూటిగా చెప్పొచ్చుగా!" అని నవ్విందామె. అతను కంచం పక్కకి నెట్టాడు.

ఆ రోజు నుంచి కళ్ళజోడు ఏం చేసినా జబ్బలన్నకి కడుపు రగిలిపోయేది. అతను దుర్భిణి అద్దం తుడిస్తే షోకు అనిపించేది. "అన్నా" అని పిలిస్తే వెటకారంగా తోచేది. ఎప్పుడు తప్పు చేస్తాడా అని, గుండు చేతిలో పెట్టుకుని అతని భుజం మీదుగా గురి చూపించే అంకెల బిళ్ళ వైపే చూస్తుండేవాడు.

కాల్పుల సాధన మూడో రోజున ఆ అదను దొరికింది. ఉదయం నుంచి పక్క ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. దళనాయకుడు గురి అంకె అరిచాడు. జబ్బలన్నకి "నాలుగొందల ఇరవై" అని వినపడింది. బిళ్ళ మీద చూస్తే నాలుగొందల అరవై! ఒళ్ళంతా పులకరించింది.

"ఆగండి! కాల్చొద్దు!" అని గొంతు చించుకున్నాడు.

తప్పు కనపడితే ఎవరైనా కాల్పులు ఆపించవచ్చు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నాయకుడు పరుగున వచ్చి బిళ్ళ చూశాడు, చేతిలోని కాగితం చూశాడు.

"అరవై. సరిగ్గానే ఉందిగా! ఎందుకు ఆపావ్?"

కళ్ళజోడు వెనక్కి తిరిగి జబ్బలన్న ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు.

"నేనే ఆపమన్నాను సార్. అంకె సరిగ్గా విన్నానో లేదో అని అనుమానమొచ్చింది," అన్నాడు నాయకుడితో.

"అనుమానమొస్తే నన్నడగాలి. జబ్బలన్నతో అరిపించడమేంటి? దిగు. మూడు రోజులు గుండ్లు మొయ్యి." నాయకుడు జబ్బలన్న వైపు తిరిగాడు. "నువ్వెక్కు. నీకు అన్నీ తెలుసుగా."

ఏడేళ్ళుగా కోరుకున్న కుర్చీ. ఎక్కి కూర్చున్నాడు. గురి తిప్పే చక్రం మీద చేతులు వేస్తే ఆ ఇనుము గోరువెచ్చగా ఉంది. వెనకాల కళ్ళజోడు గుండు ఎత్తలేక మూలుగుతున్నాడు. ఆ మూలుగు కూడా జబ్బలన్నకు వినపడలేదు, మెడ తిప్పి చూస్తే తెలిసింది.

నాయకుడి పెదాలు కదిలాయి. ఇరవయ్యా? అరవయ్యా? జబ్బలన్న మళ్ళీ చెప్పమన్నాడు. నాయకుడు మళ్ళీ చెప్పినా తేలలేదు. చక్రం తిప్పబోయి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నాకు వినపడట్లేదు సార్," అన్నాడు. "ఇందాక కూడా వినపడలేదు. ఆపమని నాకెవరూ చెప్పలేదు. నా అంతట నేనే అరిచా."

నాయకుడు అతని భుజం మీద చెయ్యి వేసి, దగ్గరకు వంగి గట్టిగా అన్నాడు: "రేపు ఆస్పత్రికి పోదాం."

ఎడమ చెవి దాదాపు పోయిందని తేల్చారు. ఫిరంగి దగ్గర నుంచి తీసేసి, గోదాములో గుండ్లు లెక్కచూసే పని ఇచ్చారు. ఆ రాత్రి భార్య అతని కుడి పక్కకు జరిగి కూర్చుని, ఏమన్నారని అడిగింది.

"ఆ సన్నోడు నన్ను కాపాడబోయాడే," అన్నాడు. "అది కూడా ఓర్వలేకపోతున్నా."