తేలికపాటి బేస్ గిటార్

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చేసరికి అక్క వేడినీళ్ళ సంచి ఎడమ భుజం మీద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అతను చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, పనేం లేదుగా? ఒక బేస్ గిటార్ చూడాలి. నువ్వొస్తే బాగుంటుంది."

"ఏం బేస్?"

"లోపల సగం బోలుగా ఉంటుందట. చాలా తేలికట. ధర కూడా మనకందేదే. కానీ చవకవాటిని ఊరికే నమ్మలేం కదా, నీ చెవిన పడాలి."

తేలిక అన్న మాట దగ్గరే అక్క ఆగిపోయింది. సంచి తీసి పక్కన పెట్టి చీర మార్చుకోవడానికి లేచింది.

వాళ్ళ బ్యాండ్ మొదలుపెట్టింది ఆమే. తమ్ముడికి గొంతు మారుతున్న వయసులో పాట నేర్పింది, మైకు చేతికిచ్చింది, తను వెనకాల నిలబడి బేస్ వాయించింది. హోటళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో జనం తమ్ముడిని చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆమె వైపు చూసేవాళ్ళు తక్కువ. బేస్ ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగిపోతే మాత్రం ఏదో పోయిందని అందరూ తలెత్తుతారని ఆమె నవ్వేది. ఎప్పుడూ మంద్రస్థాయిలోనే వాయిస్తుందని డ్రమ్ములు వాయించే అతను ఆమెకు మంద్రమ్మ అని పేరు పెట్టాడు. అసలు పేరు బ్యాండ్‌లో ఎవరికీ గుర్తులేనంతగా అది అతుక్కుపోయింది.

ఆమె పాత బేస్ నిండు చెక్క, బండరాయిలా ఉండేది. దాన్ని ఏళ్ళ తరబడి ఒకే భుజానికి వేలాడదీసుకుని నిలబడితే మెడలో నరం నొక్కుకుపోయింది. ఎడమచేతి చివరి వేళ్ళు తిమ్మిరెక్కాయి. డాక్టరు ఆ భుజానికి చేతిసంచి కూడా తగిలించొద్దన్నాడు. గిటార్ అమ్మేసి, కళ్ళద్దాల దుకాణంలో పనికి కుదిరింది. బ్యాండ్‌లో ఆమె భాగాన్ని కీబోర్డు అతను ఎడమచేత్తో ఎలాగోలా నెట్టుకొస్తున్నాడు. "నువ్వు బాగయ్యేదాకానే అక్కా," అన్నాడు తమ్ముడు అప్పట్లో. ఏడాది దాటింది. తిమ్మిరి తగ్గింది గానీ, భుజం బరువును ఒప్పుకోవడం లేదు.

అందుకే కారులో కూర్చున్న దగ్గర్నుంచీ ఆమె నోటికి తాళం పడలేదు. మొదట్లో రెండు మూడు పాటలకే వస్తానంది. నెమ్మది పాటలు తీసుకుంటానంది. ఎత్తుపీట ఒకటి కొనుక్కుని కూర్చుని వాయిస్తానంది. తమ్ముడు అన్నిటికీ "ఊఁ" కొట్టాడు. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

వాద్యాల దుకాణం టైర్ల షాపు మీద మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, పైకెళ్ళాక వార్నిషు వాసన. దుకాణదారు ఆమెను చూడగానే లేచి వచ్చాడు.

"రండి మేడమ్, ఎన్నాళ్ళకి! మీరు రాకపోతే బేస్ తీగలన్నీ నా దగ్గరే తుప్పు పడుతున్నాయి."

అతను గోడమీంచి దించి ఇచ్చిన గిటార్ ముదురు ఎరుపు, అంచుల్లో నల్లగా ఉంది. ముందువైపు వయొలిన్‌కి ఉన్నట్టు రెండు మెలికల రంధ్రాలు. ఆమె దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకుని, తూకం చూస్తున్నట్టు ఒకసారి పైకీ కిందికీ ఆడించింది. నిజంగానే తేలిక. బెల్టు భయంభయంగా భుజానికి తగిలించుకుంది. నొప్పి లేదు. కాసేపు అలాగే నిలబడింది. అప్పటికీ లేదు.

చేతులు వదిలేసరికి గిటార్ మెడ నెమ్మదిగా నేలకేసి వాలింది.

"ఒళ్ళు తేలిక, తల బరువు మేడమ్," అన్నాడు దుకాణదారు. "అచ్చం మా అల్లుడే."

ఆమె నవ్వింది. "గరుకు తోలు బెల్టు వేస్తే జారదులెండి. మీ అల్లుడికి ఏం వేస్తారో మీ ఇష్టం."

తర్వాత ఆమె నవ్వు మానేసి పనిలోకి దిగింది. బొటనవేలు మెడ అంచున పైనుంచి కిందికి జార్చి చూసింది. మెడ మీద అడ్డంగా ఉండే మెట్ల తీగల చివర్లు అక్కడక్కడా వేలికి గీరుకున్నాయి. "ఇక్కడ ఆకురాయి పట్టాలి," అంది. శ్రుతి చేసి, కాస్త వాయించి, మళ్ళీ శ్రుతి చూసింది. తీగలు బిగించే బిరడాలు జారకుండా నిలబడ్డాయి. అప్పుడు ఒక్కో తీగ మీద ఒక్కో మెట్టూ నొక్కి, స్వరం చచ్చిపోయేదాకా విన్నది. సన్న తీగ మీద ఒకచోట మిగతావన్నీ గంటలా సాగుతుంటే అదొక్కటీ దగ్గినట్టు దగ్గి ఊరుకుంది.

"పాడైపోయిందా?" అన్నాడు తమ్ముడు.

"కాదురా. ఇలాంటిది ప్రతి బేస్‌లోనూ ఒకటి ఉంటుంది. ఆ స్వరం కావాలంటే పక్క తీగ మీద పట్టుకోవాలి, అంతే."

తర్వాత ఆంప్లిఫయర్‌కి కలిపి వాయించింది. ఆమె పాత గిటార్‌ది సుత్తి దెబ్బలాంటి శబ్దం. ఇది గుండ్రంగా, చెక్కగదిలో ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టుగా ఉంది. వాయిస్తున్న స్వరం బోలు ఒంట్లోంచి ఆమె కడుపుకి తగులుతోంది. తిమ్మిరి పట్టే వేళ్ళు కూడా మాట వింటున్నాయి. తమ్ముడు పాడే నెమ్మది పాట ఒకటి మొదటినుంచి చివరిదాకా వాయించింది. కళ్ళు తడిశాయి. ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకుంది.

తమ్ముడికి ఫోనొస్తే మెట్లమీదికి వెళ్ళాడు. దుకాణదారు ఇంకెవరికో తబలా చూపిస్తున్నాడు. వేదిక మీద ఎలా ఉంటుందోనని ఆమె శబ్దం బాగా పెంచి, స్పీకరుకి ఎదురుగా నిలబడింది. లావు తీగ మీద ఒక స్వరం దగ్గర గిటార్ దానంతటదే మూలగడం మొదలుపెట్టింది. తీగ వదిలేసినా ఆగలేదు, ఉబ్బుతూ పోయింది. ఆమె ఒక పక్కకు తిరిగేసరికి టక్కున ఆగింది. ఇది ఆమెకు తెలిసిన జబ్బే. స్పీకరు శబ్దం బోలు ఒంట్లో దూరి మళ్ళీ తీగల్ని కదిలిస్తుంది. ఆ రంధ్రాల్లోంచి స్పాంజి ముక్కలు కూరి, స్పీకరుకి దూరంగా నిలబడితే సరి. ఇంటికెళ్ళాక చూసుకోవచ్చులే అనుకుంది.

"ఎలా ఉందక్కా?" తమ్ముడు లోపలికొచ్చాడు.

"చెప్పిన ధరకి ఇంతకంటే ఏం కావాలి? తీసుకుందాం."

దుకాణదారు గిటార్ తుడిచి సంచిలో పెట్టబోతూ తోలు బెల్టు తీశాడు. "పొడవు ఎంత పెట్టమంటారు? మేడమ్ కొలతకేనా?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "కాదు, వదులు చేయండి. మా బావమరిది పొడగరి."

తమ్ముడి భార్యకు తమ్ముడొకడున్నాడు. చదువైపోయి, ఉద్యోగం దొరక్క, ఫోన్లో వీడియోలు చూసి గిటార్ నేర్చుకుంటున్నాడని ఆమె విన్నది.

"వాడికా?" అంది.

"వాడు ఆరు నెలలుగా నేర్చుకుంటున్నాడక్కా. కుర్రాడు, వేదిక మీద బాగుంటాడు. ఈ మధ్య అందరూ అదే అడుగుతున్నారు."

"తేలిగ్గా ఉంటుందన్నావు."

"ఉంది కదా."

"నా భుజానికనుకున్నాను."

"నేనలా అనలేదక్కా," అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. "నువ్వనుకున్నావు."

"దారి పొడుగునా చెప్తూనే ఉన్నానుగా. ఒక్కసారి కాదనలేకపోయావా?"

"ఎలా చెప్పను? నీ మొహం చూస్తే నోరు రాలేదు. నీ ఆరోగ్యం కోసమే కదా... సరే, అవన్నీ ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ముందు చెప్పు, దీంట్లో ఇంకేమైనా లోపముందా? వాడు కొత్తవాడు, సర్దుకోలేడు."

అక్క గిటార్ వైపు చూసింది. దుకాణదారు చేతుల్లో బెల్టు పొడవు పెరుగుతోంది.

"లేదు," అంది. "బాగుంది."

కారెక్కలేదు. నడిచి వెళ్తానని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఫోను చేసి చెప్దామని ఆమెకు అనిపించకపోలేదు. కళ్ళద్దాల ఫ్రేములు వేడిచేసి చెవికి సరిపడేలా వంచుతున్నప్పుడు అదే గుర్తొచ్చేది. రెండు స్పాంజి ముక్కలు, ఒక్క మాట. ఫోను తీసేది, మళ్ళీ బల్ల మీద పెట్టేసేది. వాళ్ళకే తెలుస్తుందిలే అనుకునేది. కానీ వాళ్ళు సాధన చేసేది తమ్ముడి ఇంట్లో, పక్కింటివాళ్ళు గొడవ పెడతారని శబ్దం బాగా తగ్గించి. అంత చిన్న శబ్దానికి ఆ జబ్బు బయటపడదు. ఆ సంగతీ ఆమెకు తెలుసు.

ఒక కంపెనీ వార్షికోత్సవానికి తమ్ముడే పిలిచాడు. "కోపం పెట్టుకోకక్కా. ముందు వరసలో కుర్చీ ఉంచుతాను." వెళ్ళకూడదనుకుని వెళ్ళింది. సాయంత్రం హాలు నిండిపోయింది. బావమరిది ఎర్ర గిటార్‌తో, కొత్త చొక్కాతో, ఎవడో చెక్కి నిలబెట్టినట్టున్నాడు. సరిగ్గా స్పీకరు ముందు నిలబడ్డాడు.

హుషారు పాటలు ఏదోలా గడిచాయి. తమ్ముడు నెమ్మది పాట ఎత్తుకున్నాడు. లావు తీగ మీద ఆ స్వరం దగ్గరికి రాగానే గిటార్ మూలిగింది, ఆ మూలుగు పెరిగి పెరిగి ఓడ కూతలా హాలంతా కమ్ముకుంది. బావమరిది హడలిపోయి వెనక్కి జరిగాడు. వెనకున్నది స్పీకరే. కూత ఇంకా పెద్దదైంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఎవరో పెద్దగా నవ్వారు, ఆ తర్వాత చాలామంది నవ్వారు. సౌండు చూసే మనిషి శబ్దం తగ్గించాడు. పాట మళ్ళీ మొదలుపెట్టారు. అదే చోట మళ్ళీ అదే కూత.

అక్క కుర్చీలోంచి సగం లేచింది. పక్కకి తిరగమని చేత్తో సైగ చేస్తే చాలు. మళ్ళీ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ క్షణాన్ని ఊహించుకున్నప్పుడల్లా లోపల చల్లగా అనిపించేది. ఇప్పుడు ఆ కుర్రాడు తీగలన్నిటినీ అరచేత్తో అదిమిపట్టి, వాంతి వస్తున్నవాడిలా వంగిపోతుంటే ఆమెకు ఏ చల్లదనమూ దొరకలేదు. తమ్ముడు పాట ఆపి, మైకులో ఏదో జోకు వేసి, కళ్ళతో ముందు వరసంతా వెతికాడు. ఆమె మీద చూపు ఆగింది.

విరామంలో ఆమె వేదిక వెనక్కి వెళ్ళింది. బావమరిది ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. "వదినగారూ, నేనేం తప్పు చేశానండీ?" అన్నాడు.

"నువ్వేం చేయలేదు," అని ఆమె మైకుల పెట్టెలోని స్పాంజి చింపి, ముక్కలు చేసి, ఆ రంధ్రాల్లోకి వేలితో కూరింది. "ఇటు రా. స్పీకరుకి వీపు పెట్టకు, ఎదురుగానూ నిలబడకు. ఈ మూలన నిలబడు."

తమ్ముడు చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడు అటు వెళ్ళాక అన్నాడు:

"నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"అడిగాను కదక్కా. నోరు తెరిచి అడిగాను కదా."

"ఎవరికోసం కొంటున్నావో నాకూ ముందే తెలియాల్సింది."

"నేను నీ మనసు కష్టపెట్టాను. ఒప్పుకుంటాను. అది మనిద్దరి మధ్య. నువ్వు వాణ్ణి తీసుకెళ్ళి ఇంతమందిలో నిలబెట్టావు. వాడు నీకేం చేశాడు?"

ఆమె మిగిలిన స్పాంజి ముక్కలు పెట్టెలో పడేసి, హాల్లోకి నడిచింది. రెండో సగంలో ఆమె విన్నంతవరకూ బేస్ ఎక్కడా మూలగలేదు. అది చివరిదాకా వినకుండానే ఆమె బయటికొచ్చేసింది.

తర్వాత తమ్ముడు ఫోను చేయలేదు. ఆమె చేస్తే మరదలు ఎత్తి, "పనిలో ఉన్నారండీ," అని పెట్టేసింది. ఒక మధ్యాహ్నం బావమరిది ఒక్కడే కళ్ళద్దాల దుకాణానికి వచ్చి, కౌంటరు ముందు నిలబడ్డాడు. సన్న తీగ మీద ఒక స్వరం నిలబడటం లేదని, వేళ్ళు గీరుకుపోతున్నాయని చెప్పుకున్నాడు. ఆమె వచ్చినవాళ్ళకి అద్దాలు తుడిచి ఇస్తూనే అన్నీ చెప్పింది, ఆకురాయి ఎక్కడ పట్టాలో, పక్క తీగ మీద ఏ మెట్టు నొక్కాలో, ఏ పాటలో తమ్ముడు ఊపిరి తీసుకునేటప్పుడు ఎక్కడ ఆగాలో.

"నేనిక్కడికొచ్చినట్టు బావకి చెప్పనండి," అన్నాడు వెళ్తూ.

"చెప్పు. నేనే నేర్పానని చెప్పు."

అతను తలూపాడు. చెప్పాడో లేదో తెలియదు, తమ్ముడి దగ్గర్నుంచి మాత్రం ఏ కబురూ లేదు. కొన్నాళ్ళకు డ్రమ్ముల అతను ఫోను చేశాడు. నిన్నటి కార్యక్రమం అదిరిపోయిందన్నాడు.

"కళ్ళు మూసుకుని వింటే నువ్వే వాయిస్తున్నావనుకున్నాను మంద్రమ్మా. అచ్చం నువ్వే. ఒట్టు."

అతను మెచ్చుకోలుగానే చెప్పాడు. ఆమె సంతోషమంది, ఇంట్లో అందరినీ అడిగానని చెప్పమంది. ఫోను పెట్టేసి, ఎదురుగా నిలబడ్డ ముసలాయన కళ్ళజోడు అందుకుంది. చెవి వెనక నొక్కుకుంటోందట. కాడ వేడిచేసి వంచబోతే చేతిలో విరిగిపోయింది.