చిన్నప్పన్ కడిగిన జల్లెడ

నాలుక మీద తడి కుంచె కొన. ఉప్పు లేదు.

సముద్రం అడుగు నుంచి వచ్చిన బురద అది. కడిగి, కడిగి, ఉప్పంతా వదిలించాక గోమతికి మిగిలేది చిటికెడు గుల్లలు. ఇసుక రేణువంత ఉంటాయో, ఉండవో. ఒక్కోటీ ఒకప్పుడు నీళ్ళలో తేలిన ప్రాణి...

వేలూరులో, ఆ ల్యాబ్ గదిలో, ఆమె ఒక్కతే. మైక్రోస్కోపు కింద గుండ్రటి వెలుతురు. ఆ వెలుతురులో, నాలుకతో తడిపిన కుంచె కొసతో ఒక్కో గుల్లనూ ఏరుతుంది. పగలంతా ఏరుతుంది. పలకరించే మనిషి ఉండడు.

బతికినన్నాళ్ళూ ఆ ప్రాణి చుట్టూ ఉన్న నీటిలోంచే తన గుల్ల గోడ కట్టుకుంది. ఆ గోడలో అప్పటి నీటి వేడి ఉంది. నదులు మోసుకొచ్చిన వాన ఉంది. కొలిచి చూస్తే — ఏ కాలంలో వానలు కురిశాయో, ఏ కాలంలో మొహం చాటేశాయో తెలుస్తుంది.

గోమతికి కావలసింది ఒక్క పొర. వేల ఏళ్ళ కిందట, వానలు మొహం చాటేశాయని అనుకుంటున్న కాలపు పొర. బంగాళాఖాతం లోతుల్లోంచి ఓడవాళ్ళు పైకి లాగిన మట్టిలో అది వేలెడు మందం కూడా లేదు. ఆమె వంతుకు పిడికెడు వచ్చింది. మళ్ళీ అడిగినా ఇవ్వడానికి మిగల్లేదు. ఆమె చదువంతా ఆ పిడికెడు మట్టి మీదే నిలబడి ఉంది.

ల్యాబ్‌లో ఆరబెట్టే ఓవెన్ పాడైంది. బాగుచేసేవాడు ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటున్నాడు. ఓపిక పట్టలేక, ఆ పిడికెడు మట్టీ కడగ్గా మిగిలిన గుల్లల్ని జల్లెడతో సహా గుడ్డ కప్పి, ఒళ్ళో పెట్టుకుని, సొంతూరు గుడియాత్తం బస్సెక్కింది. వంతెన కింద పాలారులో చుక్క నీళ్ళు లేవు.

ఇంటి మిద్దె మీద ఎండలో పెట్టి, తలకు పోసుకోవడానికి కిందికి దిగింది.

చిన్నప్పన్ ఆమె తండ్రి. మేస్త్రి. అన్నానికి ఇంటికొచ్చి, మిద్దెక్కి, గుడ్డ తీసి చూశాడు. జల్లెడ అడుగున తెల్లగా ఏదో పట్టి ఉంది. మేస్త్రి కంటికి తెల్లగా అంటుకున్నదంతా సున్నమే. పనిముట్టుకు పట్టిన సున్నం ఎలా వదిలించాలో ఆయనకు ఒకరు చెప్పాలా? టైల్స్ కడిగే యాసిడ్ తెచ్చాడు.

గోమతి జుట్టు తుడుచుకుంటూ వచ్చేసరికి జల్లెడ తళతళలాడుతోంది. పక్కన యాసిడ్ సీసా.

"చూడమ్మా... కొత్తది మాదిరి ఉండాది. రొంబ సున్నం పట్టించేసినావు కణ్ణూ."

"నురగ వచ్చిందా అప్పా?"

"వచ్చిందా అంటావే! బుసబుసా పొంగింది. కాసేపటికి అంతా పోయె."

ఆ మాటకొస్తే ఆయన పొరబడలేదు. గుల్ల కూడా సున్నమే. అన్ని వేల ఏళ్ళు సముద్రం బిగబట్టిన ఊపిరి — గుడియాత్తంలో, ఒక మిద్దె మీద, ఒక మధ్యాహ్నం, బుస్సుమని పోయింది.

గోమతి జల్లెడను వెలుతురుకు పట్టి చూసింది. చెబుదామని నోరు తెరిచింది. అప్పుడు ఆయన వేళ్ళు చూసింది. వట్టి చేతులతోనే తోమాడు. కొనలు పొక్కిపోయి ఉన్నాయి.

"బాగుండాదప్పా" అంది.

చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆ వేళ్ళ మీద చాలాసేపు పోసింది.

వేలూరులో, ఆమె పరిశోధన చూసే గైడు సార్ ఆ పొర ఏమైందని అడిగాడు. నా చేతిలోనే పాడైంది సార్, అంది. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. గీతలో ఆ కాలపు చోటు ఖాళీగా వదిలెయ్యమన్నాడు.

కంప్యూటర్ తెర మీద వానల గీత. వస్తుంది... వస్తుంది... ఒకచోట ఆగిపోతుంది. కొంత తెలుపు. తర్వాత మళ్ళీ మొదలవుతుంది.

ఆ తెలుపులో వాన కురిసిందో లేదో ఇక ఆమెకు తెలిసే దారి లేదు. ఎందుకు ఖాళీయో చెప్పుకోవడానికి ఈ గదిలో ఎవరూ లేరు. ఇంట్లో ఉన్న మనిషికి చెప్పకూడదు.

ఫోను మోగింది. అప్పా.

"అమ్మా... ఇంకా జల్లెడలుంటే తీసుకురా. ఆదివారం నాకు పని లేదు. యాసిడ్ పొయ్యనులే, సోపు పెట్టే తోముతాను. నీకు ఆ కష్టమన్నా తప్పుతాది."

"తెస్తానప్పా."

ఫోను పెట్టేసి, లేచి, కొంచెమైనా మురికి పట్టిన జల్లెడ ఉందేమోనని వెతికింది.

అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.