నా పన్నెండు వరుసలు

ఆసుపత్రి వాళ్ళు పంపిన ఎక్స్-రే చూసి డోరీన్ ముందు నవ్వింది, తర్వాత కుర్చీలో కూలబడింది. ఒక ముసలాయన ఊపిరితిత్తుల మధ్య సన్నటి పట్టీలాగా ఎవరో పిల్లవాడి మోచేయి. కెనడాలోని సస్కటూన్‌లో ఆ ఆసుపత్రి బొమ్మలన్నీ మా నెట్‌వర్క్ పెట్టెల మీదుగానే వెళతాయి. వాటిని నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్, చూసేది మా యజమానురాలు డోరీన్, ఆన్సెల్, నేను. బొమ్మ ముక్క, అంటే ప్యాకెట్టు, దారిలో పాడైతే పైనున్న ముద్ర సరిపోక అవతలి యంత్రం పట్టుకుని వెనక్కి కొడుతుంది. ఇవి మాత్రం బయల్దేరకముందే మా మెమరీలో పాడై, పైన సరైన ముద్ర వేయించుకుని మరీ వెళుతున్నాయి.

"శుక్రవారం దాకా ప్రతి బొమ్మా రెండోసారి చూసుకుంటారట. అప్పటికీ తేలకపోతే పెట్టెలు పీకేస్తారు. ఇక మన దుకాణం మూతే" అంది డోరీన్.

తప్పు పట్టడానికి మాకో పద్ధతి ఉంది. బాగా నడిచిన పాత కెర్నెల్‌కీ, చెడిన కొత్తదానికీ మధ్య జరిగిన మార్పులను సగానికి కోసి పరీక్షిస్తాం. అక్కడిదాకా బాగుంటే తప్పు రెండో సగంలో ఉన్నట్టు. దాన్ని మళ్ళీ కోస్తాం. చివరికి ఒక్క మార్పు మిగులుతుంది, దాని మీద రాసినవాళ్ళ పేరు ఉంటుంది. ఆన్సెల్ ఒక్కో ముక్కనీ అరగంట నడిపి, బొమ్మ పాడవకపోతే మంచిదని తేల్చుకుంటూ పోయాడు. మిగిలిన పేరు ఎవెరెట్ కోవల్‌చుక్. నేనే.

"ఓహో, ఇదంతా అయ్యగారి నిర్వాకమా!" అన్నాడు ఆన్సెల్.

నావి పన్నెండు కోడ్ వరుసలు. ప్యాకెట్టు వెళ్ళిపోయాక దాని మెమరీని ఇంకో పనికి ఎప్పుడివ్వాలో చెప్పేవి. మొదట తప్పేమీ కనిపించలేదు. కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ చదివాను. ఆ ముసలాయన ఊపిరితిత్తులు గుర్తొచ్చేకొద్దీ, లేదనుకున్న తప్పు కనబడసాగింది. రెండు పనులు ఒకేసారి వస్తే, నెట్‌వర్క్ కార్డు ఇంకా చదువుతుండగానే మెమరీ చేయి మారి, ఒకరి బొమ్మలోకి ఇంకొకరిది వచ్చేయవచ్చు. అవును, అదే! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వరుసలు తీసేస్తూ, తప్పెలా జరిగిందో అడుగడుగునా వివరిస్తూ, క్షమాపణ చెబుతూ మెయిల్ రాసి, కెర్నెల్ పనివాళ్ళందరూ చదివే చోట పెట్టాను. ఎంత చక్కగా వివరించావని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

మర్నాడు పొద్దుట పరీక్ష బొమ్మలన్నీ శుభ్రంగా వెళ్ళాయి. డోరీన్ డోనట్లు తెప్పించింది. నేను ముట్టుకోలేదు. భోజనాలయ్యాక ఆన్సెల్ తెర ముందు బిగుసుకుపోయాడు. ఎవరిదో అరచేతిలో ఎవరిదో దవడ.

"తప్పు నీది కాదురా నాయనా! బతికిపోయావ్!" అన్నాడు.

సంతోషించాల్సింది పోయి నా మెయిల్ తెరిచి మళ్ళీ చదివాను. నేను చేయని నేరాన్ని ఎలా చేశానో అందరూ నమ్మేట్టు రాశాను. నేనూ నమ్మాను. ఇక ఈ కళ్ళతో కోడ్ చదివి ఏం లాభం?

"తలపట్టుకుని కూర్చుంటే ఎలా? మళ్ళీ కొయ్యండి" అంది డోరీన్.

అరగంట చొప్పున మళ్ళీ కోశాం. ఈసారి ఆన్సెల్ పేరు మిగిలింది. అతను నవ్వబోయి మానేశాడు. తన వరుసలు తెరిచి చాలాసేపు చదువుకున్నాడు.

"చూడు ఎవెరెట్, ఇక్కడ మెమరీకి తాళం వేయకముందే, దాన్ని ఎన్ని పనులు వాడుతున్నాయన్న లెక్క తగ్గించేశాను. ఆ సందులో ఇంకో పని దూరితే..." ఆ వరుస మీద వేలు పెట్టాడు. "నేనే. ఇదంతా నావల్లే."

ఎక్కడా తొట్రుపాటు లేని వివరణ. నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. అందుకే భయమేసింది.

"మరింకేం, ఆ మెయిలేదో పెట్టెయ్" అంది డోరీన్. ఆన్సెల్ ముందున్న కీబోర్డు లాగేసుకున్నాను.

"ఏం పని ఇది?" అంది డోరీన్.

"అరగంటలో పాడవకపోతే మంచిదని ఎలా అనుకున్నాం? నా వరుసలు తీసేశాక కూడా పూటంతా బాగానే నడిచిందిగా. ఒక్కో ముక్కనీ రోజుల తరబడి నడపాలి."

"రేపే శుక్రవారం! మనకు రోజులెక్కడివయ్యా?"

"లేవు."

ఫోన్ తీసి ఆసుపత్రికి చేశాను. పెట్టెలు ఇప్పుడే ఆపేయమన్నాను. డోరీన్ నా చేయి పట్టుకుంది, కానీ ఫోన్ లాక్కోలేదు.

"ఎందుకు పాడవుతున్నాయో తెలిసిందా?" అని అడిగింది అవతలావిడ.

"తెలీదండీ" అన్నాను. ఇన్ని రోజుల్లో మా ముగ్గురిలో ఎవరైనా ఆ మాట అనడం అదే మొదటిసారి.