చప్పుడు చెయ్యకండి

మా అత్తగారింట్లో శీతాకాలం సెలవులంటే మధ్యాహ్నం పడకే. భోజనాలు కాగానే హాల్లో సోఫా గోడవారకి జరిపేస్తారు. కింద రెండు పరుపులు, వాటిమీద అందరికీ కలిపి ఒకటే పెద్ద బొంత. అత్తయ్య పాత కోట్ల లోపలి గుడ్డలు విప్పి కుట్టింది. పొడవు చాలదు. ఎవరో ఒకరి కాళ్లు బయటే ఉంటాయి, ఎవరివనేదే రోజూ తగాదా.

మధ్యలో అత్తయ్య. ఒకపక్క కొడుకులిద్దరూ, అంటే మా ఆయన, మా మరిది. ఇంకోపక్క మా ఆయన అక్క, నాకు వదిన. ఆ చివర మా తోడికోడలు. వదిన ఆ మంచుదేశంలో సిటీ బస్సు నడుపుతుంది. మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. ఇరుకులో సర్దుకోవడం ఆ ఇంట్లో అందరికీ వచ్చిన విద్య.

నేను మాత్రం గదిలో.

గది మంచిది, ఆ మాట చెప్పుకోవాలి. కిటికీకి రెండు అద్దాలు, మందపాటి తెర, నా ఒక్కదానికే ఒక హీటరు. అత్తయ్య తన గది ఖాళీ చేసి ఇచ్చింది. కారణం మా ఆయనే. పెళ్లయిన కొత్తలో మొదటిసారి ఇక్కడికి బయల్దేరేటప్పుడు ఫోన్లో వాళ్లమ్మతో, "తనకి చప్పుడైతే నిద్ర పట్టదమ్మా" అన్నాడు. పక్కింటివాళ్లు గోడలు పగలగొట్టిస్తున్న రోజుల్లో నేను విసుక్కుంటే, ఆ విసుగుని నా స్వభావం కింద జమకట్టేశాడు. పైగా నా ఉద్యోగం వినికిడి పరీక్షలు చెయ్యడం. గాలి కూడా చప్పుడు చెయ్యని గదిలో పేషెంటుని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, అద్దానికి ఇవతలనుంచి సన్నసన్నటి శబ్దాలు పంపిస్తుంటాను. వినిపిస్తే బటన్ నొక్కాలి. అత్తయ్య ఆ రెండూ కలిపి చూసుకుంది. కోడలు పాపం చప్పుడు పడని మనిషి.

మూడోసారి వచ్చాను. ఇంకా ఆ మాటే నడుస్తోంది.

ఈసారి వచ్చింది ఊరికే కాదు. మా ఆయన కంపెనీవాళ్లు ఇక్కడి ఆఫీసుకి వచ్చెయ్యమంటున్నారు. సెలవులు అయ్యేలోగా ఏదో ఒక మాట చెప్పాలి. "నువ్వు ఊఁ అంటే ఉండిపోదాం. మావాళ్లంతా ఉన్నారు, తోచకపోవడం అంటూ ఉండదు" అన్నాడు విమానంలో. నాకూ ఊఁ అనాలనే ఉంది. మా అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే. మా ఇంట్లో ఎవరి మంచం వారిది, ఎవరి దీపం వారిది. ఆ బొంత కింద ఒక్క మధ్యాహ్నం పడుకుంటే చాలు, ఊఁ అనేద్దును.

ఆ రోజు కావాలనే తలుపు ఓరగా వదిలి పడుకున్నాను.

"లోపలికి జరగాలి, లోపలికి జరగాలి! ఇంకొకళ్లు పడతారు!" వదిన బస్సు గొంతు.

"కాళ్లా, మంచుగడ్డలా ఇవి? తియ్యవే నామీంచి." మరిది ఎప్పుడు అటు చేరాడో, పెళ్లాన్ని గదుముతున్నాడు.

"పెళ్లిచూపుల్లో పాట పాడమన్నారు గానీ కాళ్లు చూపించమన్లేదుగా" అంది తోడికోడలు.

"అమ్మా, పెద్దాడు బొంతంతా లాగేస్తున్నాడే!" మళ్లీ వదినే.

"వాడు చిన్నప్పుడూ అంతే. వాడి పక్కన పడుకుని నాకు నడుంనొప్పి వచ్చింది."

"అన్నీ నావల్లే. ఇంట్లో పాలు విరిగినా నావల్లే" అన్నాడు మా ఆయన. ఆ గొంతు నాకు కొత్త. మా ఇంట్లో ఆయన అంత గారంగా మాట్లాడగా వినలేదు.

తోడికోడలు ఆ ఇంటికొచ్చి ఏడాదే. ఆమె గురించి ఎవరూ ఫోన్లో ఏమీ చెప్పలేదు, అదే ఆమె అదృష్టం.

దిండు చంకలో పెట్టుకుని హాల్లోకి వెళ్లాను.

నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. అత్తయ్య లేచి కూచుని జుట్టు ముడేసుకుంది. "లేపేశామా అమ్మా? చెప్తే వినరు, గాడిదలు." వదిన లైటు వేసింది. మరిది సోఫా మీద బట్టలు తీసి, "కూర్చోండి వదినా, కూర్చోండి" అన్నాడు. తోడికోడలు టీ పెట్టడానికి వంటింట్లోకి పరిగెత్తింది. చూస్తూ చూస్తూ ఉండగానే బొంత మడతలు పడి మూలకి చేరింది. నేను సోఫా మీద దిండు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. పిల్లని చూడ్డానికి వచ్చిన చుట్టంలా.

సాయంత్రం పాలకని మా ఆయనతో బయటికి వెళ్లాను. తలుపు తీస్తే ముక్కు ఉందో లేదో తెలీని చలి. వీధిలో మా బూట్ల కింద మంచు తప్ప అలికిడి లేదు.

"నాకా గది వద్దండీ. నేనూ హాల్లోనే పడుకుంటాను."

"ఆ గోలలో నీకు నిద్రెలా పడుతుంది?"

"నిద్రకోసం కాదు."

"ఓస్, అదెంత పని" అన్నాడు. వెళ్తూనే వాళ్లమ్మ చెవిన వేశాడు కూడా.

మర్నాడు భోజనాలయ్యేసరికి నా పడక సిద్ధంగా ఉంది. హీటరు దగ్గర, వదిన పక్కన. కొత్త గలీబు తొడిగిన దిండు. నాకు వేరేగా, మెత్తటి కంబళి. "బొంత పొట్టిదమ్మా, నీకు చలేస్తుంది" అంది అత్తయ్య. తర్వాత అందరివైపూ చూపుడువేలు తిప్పింది. "ఎవరైనా నోరు తెరిచారో, ఇవాళ టీ లేదు." మరిది గోడగడియారం దించి బ్యాటరీ తీసేశాడు. వదిన పెదాలమీద వేలు పెట్టుకుని నావైపు చూసి నవ్వింది, ఎంతో ఆపేక్షగా.

అందరూ పడుకున్నారు. ఎవరూ మాట్లాడలేదు.

"మాట్లాడుకోండి అత్తయ్యా. నాకు బాగానే ఉంటుంది."

"మాకూ నిద్రొస్తోందిలే తల్లీ. నువ్వు పడుకో."

కిటికీలో వెలుతురు అప్పుడే తగ్గిపోతోంది. కాసేపటికి మరిది గురక మొదలైంది. ఎవరో ఏదో చేశారు, ముక్కు మూశారో, గిల్లారో. గురక ఠక్కున ఆగింది. బొంత కదలడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకుంటున్నారు. బొంత ఈ చివరనుంచి ఆ చివరదాకా ఊగుతోంది. నా కంబళి మాత్రం ఇస్త్రీ చేసినట్టు పరుచుకుని ఉంది.

నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో కొందరుంటారు. శబ్దం వినబడదు, కానీ అద్దంలోంచి నా మొహం చూసి, ఇప్పుడేదో వచ్చి ఉంటుందని బటన్ నొక్కేస్తారు. అలాంటివాళ్లని నేను నెమ్మదిగా అటు తిప్పి కూర్చోబెడతాను.

నేనూ నవ్వాను. ఏం జరిగిందో తెలియకుండానే.

"అయ్యో, మెలకువ వచ్చేసింది" అంది వదిన గుసగుసగా. బొంత ఆగిపోయింది. ఆ తర్వాత ఐదుగురూ నిజంగానే నిద్రపోయారు. నేను పైకప్పు చూస్తూ, వాళ్ల ఊపిర్లు వింటూ చీకటిపడేదాకా కదలకుండా పడుకున్నాను. కదిలితే మళ్లీ అందరూ లేస్తారు.

ఆ సాయంత్రం మా ఆయన బ్రెడ్డు కోసం వెళ్తుంటే వెంట నడిచాను. ఆయన హుషారుగా ఉన్నాడు.

"ఇప్పుడు సరేనా? మరి ఆఫీసుకి ఏం రాయమంటావు?"

"రాలేమని రాయండి."

ఆగిపోయాడు. "మావాళ్లేం తక్కువ చేశారు?"

"ఏమీ తక్కువ చెయ్యలేదు. గడియారం కూడా ఆపేశారు."

"మరి?"

"ఇక్కడుంటే నేను జన్మంతా చుట్టాన్నేనండీ."

"కొన్నాళ్లకి అలవాటు పడతావు."

"నేను పడతాను. వాళ్లు పడరు."

ఆయనకి అర్థమైందో లేదో. కొట్టు మెట్లమీద చేతి తొడుగు విప్పి, ఫోన్లో ఏదో కొట్టి, తుడిపి, మళ్లీ కొట్టాడు. పంపించాక ఫోను జేబులో వేసుకుని తొడుగు మళ్లీ తొడుక్కున్నాడు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. ఆ బొంత కింద ఆయన చోటు ఆయనకి పుట్టుకతో వచ్చింది. దాన్ని వదులుకోమన్నది నేను.

"అమ్మకేం చెప్పను?" అన్నాడు చివరికి.

"ఇక్కడి చలి నాకు పడదని చెప్పండి."

ఆయన మొహం తేలికపడింది. "అదీ నిజమేలే. నువ్వు మొదట్నుంచీ చలికి ఆగలేవు" అన్నాడు.

నేను కాదనలేదు.