తొంభై దగ్గర ఆపు బావా

ఆ డిపోలో నలభైమంది డ్రైవర్లుంటే, బ్రేకు తొక్కడం మరిచిపోయినవాడు ఒక్కడే. అతన్ని అందరూ వెన్నపూస అనేవాళ్లు. మొహం చూస్తే ఉప్పుకాగితం. పేరు వచ్చింది మాత్రం కాలికి.

కరెంటు బస్సులు వచ్చిన వారానికే అతను కిటుకు పట్టేశాడు. యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తితే చాలు, ఉరుకుతున్న చక్రాలే మోటారును తిప్పుతాయి. ఆ మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది, పంపుతూ పంపుతూ బండిని నెమ్మదింపజేస్తుంది. డిపో ఉన్నది కొండ మీద. పొద్దున్నే దిగే మూడు కిలోమీటర్ల వాలులో కరెంటు ఊరికే వస్తుంది. వస్తే పట్టడానికి బ్యాటరీలో చోటుండాలిగా! నిండిన బిందెలో ఎంత పోస్తే ఏం లాభం? అందుకే చార్జింగు చూసే బావతో, అంటే సొంత అక్క మొగుడితో, మొదట్లోనే చెప్పుకున్నాడు.

"తొంభై దగ్గర ఆపు బావా. మిగతా పది వాలులో నేను తెచ్చుకుంటా."

"నీ బండి నీ ఇష్టం బావమరిదీ. నాదేం పోయింది?"

తర్వాత కొత్త మేనేజరొచ్చి, ప్రతి బస్సూ నూటికి నూరు నిండాకే గేటు దాటాలని ఆర్డరేశాడు. వెన్నపూస వెళ్లి వాలు సంగతి చెప్పబోతే ఆయన తలైనా ఎత్తలేదు.

"నువ్వు స్టీరింగు తిప్పు. డిపో నేను తిప్పుతా."

సరే, ఆయన డిపో ఆయన తిప్పుకున్నాడు. బావ మాత్రం గుట్టుగా తొంభై దగ్గరే ఆపుతూ, రోజూ ఫోన్లో 'తొంభై' అని ఒక్క ముక్క పంపేవాడు. కరెంటు వెనక్కి తెచ్చినవాళ్ల పట్టికలో ఎనిమిది నెలలు వెన్నపూసదే మొదటి పేరు. మొదటి ట్రిప్పులో ఎక్కే ఆసుపత్రి నర్సమ్మ సీటున్నా కూర్చునేది కాదు, కడ్డీ పట్టుకునేది కాదు. "ఈయన బండిలో పట్టుకోవడం దేనికి?" అని రెండు చేతులా జడ అల్లుకునేది. అది విని అతను లోలోపల మురిసిపోయేవాడు. ఇంకో నెల ఏ ప్రమాదమూ లేకుండా గడిస్తే డ్రైవర్లకి నేర్పే మాస్టరు పోస్టు అతనిదే. నడుం పడిపోయిన మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఆ సోమవారం మేనేజరు చార్జింగు తనిఖీకి వస్తున్నాడని తెలిసి బావకి గుండె జారింది. బండిని నూరూ నింపేశాడు. ఫోను చెయ్యలేదు, ఆ ఒక్క ముక్కా పంపలేదు. ఎందుకు పంపలేదో ఆ దేవుడికే తెలియాలి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టయింది. అలాగని వెన్నపూసని వెనకేసుకురాలేం. కళ్లెదురుగా స్టీరింగు ముందున్న తెర మీద నూరు అని పెద్దంకెల్లో వెలుగుతూనే ఉంది. అతను చూడలేదు. బావ ఉండగా చూడటం దేనికని!

రెండో మలుపులో కాలు ఎత్తాడు. నిండిన బ్యాటరీ కరెంటు పుచ్చుకోలేదు, బండి నెమ్మదించలేదు. ముందు ఆటో, దాన్నిండా జనం. ఎన్నాళ్లుగానో తొక్కని బ్రేకు కోసం కాలు తడుముకుని, దొరకగానే ఉన్న బలమంతా వేసి తొక్కింది. ఆటోకి జానెడు దూరంలో బస్సు నిలిచింది. నర్సమ్మ మాత్రం వెళ్లి ముందు అద్దానికి కొట్టుకుంది. మణికట్టు విరిగింది, భుజం ఎముక విరిగింది. తిట్టినా బాగుండేది. "మీ బండే కదా అని పట్టుకోలేదండీ" అంది, అంతే.

విచారణ రోజు పొద్దున్నే అక్క ఫోను చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆయన ఉద్యోగం పోతే పిల్లల్ని పెట్టుకుని నేనేమైపోవాలిరా?"

మేనేజరు ముందు బావ తన బూట్లు చూసుకుంటూ చెప్పాడు. "ఆర్డరు ప్రకారం రోజూ నూరే పెడుతున్నా సార్. చూసుకోవాల్సింది డ్రైవరే."

వెన్నపూస జేబులోని ఫోన్లో ఎనిమిది నెలల తొంభైలున్నాయి. తీసి బల్ల మీద పెడితే చాలు. చెయ్యి జేబు దాకా వెళ్లింది, అక్క గొంతు గుర్తొచ్చి ఆగిపోయింది.

"చూసుకోలేదు సార్. తప్పు నాదే."

అందులో సగం నిజమే కావడంతో మరీ మండింది అతనికి. స్టీరింగు లాక్కుని బస్సులు కడిగే షెడ్డులో పడేశారు.

నెల తిరక్కుండానే గోడకి కొత్త నోటీసు పడింది. వాలు దిగే బస్సులకి ఇకనుంచి చార్జింగు తొంభై దగ్గరే ఆపాలట. సూచన ఇచ్చినందుకు బావకి సూపర్‌వైజరు పోస్టు, పైగా డ్రైవర్లకి పాఠం చెప్పే పని! జన్మలో స్టీరింగు పట్టని మనిషి నలభైమందినీ నిలబెట్టి, "మిగతా పది వాలులో తెచ్చుకోవాలి" అని చెబుతుంటే, ఆ మాటలు పొల్లుపోకుండా షెడ్డులోకి వినపడ్డాయి.

పాఠం అయ్యాక బావ షెడ్డుకొచ్చాడు.

"నీ పేరే చెబుదామనుకున్నా బావమరిదీ. యాక్సిడెంటు చేసినవాడి మాటంటే సారు వినరేమోనని..."

"మంచిపని చేశావు బావా. ఇంకో మాట కూడా చెప్పు వాళ్లకి. అంకె చూడకుండా కాలు ఎత్తొద్దని. చార్జింగు పెట్టింది సొంత బావైనా సరే, చూసుకోమని."

బావ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అయినా జేబులోంచి పెన్ను తీశాడు.

"అంకె చూడకుండా కాలు ఎత్తొద్దు. బాగుంది, ఇదీ చెప్పాల్సిందే" అంటూ రాసుకున్నాడు.